కూడిక

జోగారావుకి పోయిన మాట నాలుగు నెలల తర్వాత ఒక మంగళవారం పొద్దున్న తిరిగొచ్చింది. వకుళ అప్పుడు హాల్లో స్టూలెక్కి, అక్వేరియం గాజుకి పట్టిన నాచు గీకుతోంది. వెనకనించి ఎవరో అన్నారు:

"పంపు ఆగిపోయిందండీ."

ఆమె చేతిలో బ్లేడు జారి నీళ్లలో పడింది. వెనక్కి తిరిగి చూసింది. దివాను మీద కూచున్న జోగారావు తొట్టెకేసి ఎడమచెయ్యి చాపి ఉన్నాడు.

"ఏమన్నారు?"

"పంపు. ఆగిపోయింది. చూడండి."

పంపు తిరుగుతూనే ఉంది. నీళ్లు గలగలమంటూనే ఉన్నాయి. ఆ సంగతి చెప్పాలని కూడా ఆమెకి తోచలేదు. స్టూలు దిగి వచ్చి, ఆయన మొహం రెండు చేతుల్లోకీ తీసుకుని భోరున ఏడ్చేసింది. జోగారావు మర్యాదగా ఊరుకున్నాడు. బస్సులో పక్కసీటావిడ నిద్రమత్తులో భుజం మీదికి వాలితే ఊరుకునే మనిషిలా ఊరుకున్నాడు. ఈ పోలిక ఆమెకి తట్టింది మాత్రం చాలా రోజుల తర్వాత.

విశాఖపట్నంలో, పెదవాల్తేరు నించి సముద్రం వైపు దిగే ఒక వీధిలో వాళ్లది పైవాటా. జోగారావు పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరు. వకుళ ఒక ప్రైవేటు పరిశోధనాలయంలో మెదడు కణాల మీద పనిచేసే శాస్త్రవేత్త. పిల్లలు లేరు. హాల్లో గోడ పొడుగునా ఏడడుగుల ఉప్పునీటి తొట్టె ఉంది. దాంట్లో చేపలుండేవి కావు, సముద్రంలో రాళ్లకి అంటుకుని బతికే స్పాంజీలు ఉండేవి. నారింజరంగువి, బూడిదరంగువి, ఒకటైతే అచ్చం పసుపుకొమ్ములా కొమ్మలు కొమ్మలుగా ఉండేది. వచ్చినవాళ్లంతా "చేపలు పెంచుకోక ఈ పీచుముద్దలేవిటి మాస్టారూ?" అనేవారు.

"చేపలు ఎవరైనా పెంచుతారండీ," అనేవాడు జోగారావు.

నిజమే. స్పాంజికి కన్నూ నోరూ లేవు. ఒంటినిండా సన్నటి చిల్లులు. పొద్దస్తమానం వాటిగుండా నీళ్లు పీల్చి, దొరికిన నలుసంత తిండి వడకట్టుకుని బతుకుతుంది. వెలుతురెక్కువైతే నాచు కమ్మి చస్తుంది. నీటిపారుదల తగ్గితే ఆకలితో చస్తుంది. ఒక్క క్షణం నీళ్లలోంచి బయటికి తీస్తే చిల్లుల్లో గాలిబుడగలు ఇరుక్కుని, వారం తర్వాత తీరిగ్గా చస్తుంది. అందుకని చోటు మార్చాలన్నా నీళ్లలోనే డబ్బా ముంచి, డబ్బాలోకి ఎక్కించి, డబ్బాతో సహా మార్చేవాడు. జాలరిపేట పడవవాళ్లు నడిసముద్రం నించి క్యాన్లతో నీళ్లు తెచ్చిపెట్టేవారు. బాల్కనీలో సీసాల నిండా కంటికానని నాచు పెరిగిన పచ్చటి నీళ్లు, అదే వాటి మేత.

ఆ ఉప్పునీళ్లే కింది వాటా అప్పలనరసయ్యతో తగువు తెచ్చాయి. ఆయన పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. పైనించి కారే ఉప్పునీటికి ఆయన ఇంటి కప్పు పెచ్చులూడేది. పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకరి తిట్లు ఒకరికి వకుళే అందించేది, వాటిలో పదునైనవి తీసేసి.

కూడిక అనే మందు పుట్టింది కూడా ఆ తొట్టెలోనే. ఏడేళ్ల కిందట ఒక ఆదివారం జోగారావు వకుళ పాత పట్టుచీర కొంగు ముక్క అడిగి పుచ్చుకున్నాడు. నారింజ స్పాంజి ముక్క బొటనవేలంత కోసి, నీళ్లలోనే ఆ గుడ్డలో మూటకట్టి పిండాడు. అవతల నించి రంగునీళ్లలా పొగ వచ్చింది. స్పాంజి లేదు, విడివిడి కణాలు మాత్రం మిగిలాయి. సాయంత్రానికి అదంతా గిన్నె అడుగున ధూళిలా పేరుకుంది.

"చంపేశారా?" అంది వకుళ.

"చూస్తూండు."

మర్నాటికి ధూళి నలకలైంది. నాలుగో రోజుకి నలకలు ఆవగింజలయ్యాయి. మూడు వారాలకి గిన్నెలో వేలి కణుపంత స్పాంజి నిలబడి నీళ్లు పీలుస్తోంది. చెల్లాచెదరైన కణాలు ఒకదాన్నొకటి వెతుక్కుని, మళ్లీ ఒక్కటయ్యాయి. వకుళ చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆమె రోజూ చూసే మెదళ్లలో ఒకసారి తెగిన పోగు మళ్లీ అతుక్కోవడం ఆమె ఎరగదు.

ఆ కణాల్ని కలిపే పదార్థాన్ని విడదీసి, మెదడుకి సరిపడేలా మలచడానికి ఆమె బృందానికి ఆరేళ్లు పట్టింది. పక్షవాతం వచ్చిన ఎలుకలు లేచి పరిగెత్తాయి. ఆ పదార్థానికి పెద్ద పేరొకటి ఉంది గానీ, అందరూ కూడిక అనే అనేవారు. ఒక్కటే చిక్కు. ఎంత ఖరీదైన తొట్టెలు పెట్టినా పరిశోధనాలయంలో స్పాంజీలు పదిహేను రోజులకి మించి బతికేవి కావు. మందుకి కావలసిన సరుకంతా జోగారావు తొట్టె నించే వెళ్లేది. వారం వారం ఆయనే నీళ్లలో చేతులు పెట్టి, చంటిపిల్లకి గోళ్లు తీసినట్టు, అంచులు కత్తిరించి ఇచ్చేవాడు.

మనుషుల మీద వాడి చూడ్డానికి అనుమతి వచ్చిన నెలలోనే ఆయన వర్క్‌షాపులో లేత్ మెషీను ముందు పక్షవాతం వచ్చి కుప్పకూలాడు. ప్రాణం నిలిచింది, కాళ్లు మెల్లిగా నిలబడ్డాయి. మాట పోయింది. నోరు తెరిస్తే "తా... తా..." తప్ప ఇంకో శబ్దం రాదు.

"పన్నెండు మందిని తీసుకుంటున్నాం, వకుళా," అంది డైరెక్టరు కస్తూరి. "మొదటి పేరు ఆయనది రాయమంటావా? నువ్వు పరీక్షల్లో వేలుపెట్టకూడదు. భార్యగా సంతకం మాత్రం పెట్టు."

వకుళ ఇంటికొచ్చి దివాను పక్కన కూచుని అరగంటసేపు ఆయనకి అంతా చెప్పింది. చివర ఆయన చేతిలో చెయ్యి పెట్టి, "మీకిష్టమైతే నొక్కండి," అంది. ఆయన నొక్కాడు. గట్టిగా, మళ్లీ మళ్లీ, వేళ్లు నొప్పెట్టేలా నొక్కాడు. ఆమె ఏడుస్తూ నవ్వుతూ వెళ్లి సంతకం పెట్టింది.

వారానికొకటి చొప్పున ఆరు మోతాదులు. ఆరోది అయిన తొమ్మిదో రోజున ఆ మంగళవారం.

మాట వచ్చాక అది వరదలా వచ్చింది. వారం తిరిగేసరికి జోగారావు పేపరు చదివి తప్పులు పడుతున్నాడు. కస్తూరి పెట్టిన పరీక్షలో నూటికి తొంభయ్యారు మార్కులొచ్చాయి. పరిశోధనాలయంలో మిఠాయిలు పంచారు.

వకుళకి మాత్రం ఏదో తేడాగా ఉంది. ఏమిటో చెప్పమంటే చెప్పలేదు. "మీరు కాఫీ తాగారా?" అని అడుగుతాడు. "వకుళ గారూ, నా కళ్లజోడు చూశారా?" అంటాడు. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆయన ఆమెని ఏమోయ్ అన్నాడు, వకుళా అన్నాడు, కోపమొస్తే పంతులమ్మా అన్నాడు. గారూ అని ఎప్పుడూ అనలేదు. మొదట్లో నాలుక ఇంకా తిరగడం లేదనుకుంది. తర్వాత ఆటపట్టిస్తున్నాడనుకుంది. పదో రోజున ఉండబట్టలేక అడిగేసింది.

"నన్నెందుకు అలా పిలుస్తున్నారు?"

జోగారావు నిజంగానే ఆలోచించాడు. "మరెలా పిలవాలండీ?"

"ఇదివరకెలా పిలిచేవారో గుర్తులేదా?"

"గుర్తుంది. ఏమోయ్ అనేవాణ్ణి. అలా అనడానికి నోరు రావడం లేదు. చనువు లేనివాళ్లని అన్నట్టుంటుంది." ఆమె మొహం చూసి కంగారుపడ్డాడు. "తప్పుగా అన్నానా?"

అన్నీ గుర్తున్నాయి ఆయనకి. బొబ్బిలిలో పెళ్లినాడు కురిసిన వాన గుర్తుంది. ఆమె కుడి దవడలో ఏ పన్నుకి తొడుగుందో గుర్తుంది. వాళ్లమ్మ పోయినప్పుడు వకుళ మూడు రోజులు అన్నం ముట్టలేదనీ గుర్తుంది. అడిగినవన్నీ పాఠం అప్పజెప్పినట్టు తప్పుల్లేకుండా చెప్పాడు. చెప్పి, ఇంకేమైనా కావాలా అన్నట్టు చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం అప్పలనరసయ్య మేడమెట్లెక్కి వచ్చాడు. పదకొండేళ్లలో ఆయన పైకి రావడం అదే మొదలు. చేతిలో ఖాళీ గిన్నె ఉంది. అది వకుళ వంటింట్లోదే.

"ఏటమ్మా ఇది?" అన్నాడు గుమ్మంలో నిలబడే. "మీ ఆయన దోసకాయపప్పు అట్టుకొచ్చి నాకెట్టేడు. ఎట్టి, నా సెయ్యట్టుకొని కన్నీళ్లెట్టుకున్నాడు. నిన్ను సూస్తే పేణం లేచొస్తంది నరసయ్యా అంటన్నాడు. నాకు బయ్యమేస్తందమ్మా. పోయే ముందు కొందరు ఇలాగే అయిపోతారంట."

వకుళ ఆయన్ని కూచోబెట్టి మంచినీళ్లిచ్చింది. కిటికీలోంచి కిందికి చూస్తే, జోగారావు అప్పలనరసయ్య వాకిట్లో మెట్టు మీద కూచుని, తలుపుకేసి చూస్తూ ఎదురుచూస్తున్నాడు. ఆ చూపు ఆమె ఎరుగును. ఒకప్పుడు తను పరిశోధనాలయం నించి ఆలస్యంగా వస్తే, గేటు దగ్గర ఆయన కళ్లలో ఉండే చూపు అది. ఎవరి కోసమో ఉన్నది ఇంకెవరి మీదో పడింది. కోపమెవరి మీద తెచ్చుకోవాలో ఆమెకి తెలియలేదు.

ఆ మర్నాడు ఆమె పరిశోధనాలయంలో పాత ప్రయోగమే మళ్లీ చేసింది. ఈసారి స్పాంజి పైపొర కణాలకి నీలంరంగు, లోపలి వాటికి ఎరుపు ఎక్కించి, గుడ్డలోంచి పిండింది. మూడు వారాలు ఆగి, కొత్తగా నిలబడ్డ స్పాంజిని కోసి చూసింది. నీలం లోపల ఉంది, ఎరుపు బయట ఉంది, కొన్నిచోట్ల రెండూ కలగాపులగంగా ఉన్నాయి. ఏ కణమూ పాత చోటికి పోలేదు. అందిన చోట అతుక్కుని, అక్కడి పని అందుకుంది. స్పాంజికి దానివల్ల నష్టమేమీ లేదు, శుభ్రంగా నీళ్లు పీలుస్తోంది.

"ఆయన మెదడులో మాట పోగులు మాటకి అతికాయి," అంది వకుళ కస్తూరితో. "జ్ఞాపకాల పోగులు జ్ఞాపకాలకి అతికాయి. నా మీద ఉన్నదేదో, దాని పోగు కూడా అతికింది. దగ్గర్లో ఏ కొస దొరికితే దానికి."

కస్తూరి ఆ స్పాంజి ముక్కని పక్కకి జరిపి, పరీక్ష కాగితం ముందుకి లాక్కుంది. "నీ మాట నమ్మాలంటే ఏ పరీక్షలో చూపిస్తావు? తొంభయ్యారు వచ్చాయి."

"ప్రశ్నపత్రంలో ఆ ప్రశ్న లేదండీ."

"సరే, దారి ఒకటుంది." కస్తూరి గొంతు తగ్గించింది. "ఎలుకల్లో కూడికని వదులు చేసే మందు వాడాం. వదులు చేసి, మళ్లీ కలిపితే వేరే రకంగా కలుస్తుంది. ఈసారి సరిగ్గా కలవచ్చు."

"కలవకపోతే?"

"మాట పోవచ్చు. ఇంకేదైనా పోవచ్చు. నేను చెప్పలేను."

వకుళ ఆ మాట నాలుగు రోజులు కడుపులో పెట్టుకు తిరిగింది. ఆయన తిరిగొస్తే ఏమోయ్ అంటాడు. ఆ ఒక్క పిలుపు కోసం ఆయన మాటంతా పణంగా పెట్టొచ్చా? పెట్టొచ్చని ఒక గంట, పెట్టకూడదని ఒక గంట. ఈమధ్యలో అప్పలనరసయ్య రెండుసార్లు కనపడి తల దించుకున్నాడు. మూడోసారి ఆగి, "పోస్టుమేను ఇల్లు తప్పి మీ ఉత్తరాలు మా ఇంట్లో యేస్తన్నట్టుందమ్మా," అన్నాడు. "సదవకూడదు. పారెయ్యనూ కూడదు. ఏటి సెయ్యమంటావు?"

అయిదో రోజున జోగారావు తొట్టెలో మోచేతుల దాకా చేతులు పెట్టి, పసుపుకొమ్ము స్పాంజి మీద పేరుకున్న మట్టిని కుంచెతో విదిలిస్తున్నాడు. ఆయన పడకేసిన నెలల్లో వకుళ చేతికింద సగం స్పాంజీలు పోయాయి. మిగిలినవాటిని ఇప్పుడు ఒక్కొక్కటే నిలబెడుతున్నాడు. చేతులకి అంతా తెలుసు. వకుళ పక్కన నిలబడి, కస్తూరి అన్నదంతా ఆయనకి చెప్పింది.

జోగారావు కుంచె ఆపలేదు. "మీరు ఎవరికోసం ఏడుస్తున్నారో ఆయన నాకూ తెలుసండీ. ఆయన చేసినవన్నీ నేను చేసినట్టే గుర్తున్నాయి. మంచివాడే. కానీ ఆయన్ని తేవాలంటే నేను పోవాలి కదా?"

"పోవడం కాదు..."

"మరేమిటి?" ఆయన గొంతులో తగువు లేదు, అడుగుతున్నాడంతే. "నాకు సముద్రం బాగుంది. పేపరు బాగుంది. నరసయ్య దగ్గు వింటే ప్రాణం విలవిల్లాడుతోంది. ఇదంతా తప్పు చోట అతికిందని మీరంటున్నారు. లోపలున్నవాడికి తప్పని తెలియడం లేదండీ. మీరు మందిప్పిస్తే నేను ఆపలేను. మీరు చదువుకున్నవారు. కానీ నాకు వద్దు."

వకుళకి దుఃఖమూ ఉక్రోషమూ కలిసి వచ్చాయి. "మొదటిసారి మిమ్మల్ని అడిగే ఇప్పించాను. ఒప్పుకున్నారు. చెయ్యి విరిగేలా నొక్కారు."

జోగారావు ఆమెకేసి తిరిగాడు. నీళ్లు మోచేతుల నించి నేలమీదికి కారుతున్నాయి.

"ఆ రోజు పంపు ఆగిపోయిందండీ."

"ఏమిటి?"

"కరెంటు పోయి వచ్చింది. పంపు మళ్లీ తిరగలేదు. మీరు నా పక్కన కూచుని ఏవేవో చెబుతున్నారు. సగం మాటలు నాకు అర్థం కావట్లేదు. చప్పుడు లేదు, స్పాంజీలు ఊపిరాడక పోతాయి, లేద్దామంటే అప్పటికింకా కాళ్లు స్వాధీనంలో లేవు, చెబుదామంటే నోట్లోంచి తా తా అని వస్తోంది. చెయ్యి దొరికింది, నొక్కాను. ఎంత నొక్కితే అంత నవ్వుతున్నారు మీరు."

వకుళ తొట్టె మూలనున్న పంపుకేసి చూసింది. ఆ వారంలోనే మూడు స్పాంజీలు తెల్లబడి పోవడం, ఎందుకు పోయాయో తెలియక నీళ్లు మార్చడం ఆమెకి గుర్తొచ్చాయి. పంపు రెండు రోజులు ఆగి ఉందని పనిమనిషి చెబితేగాని ఆమె చూడలేదు. మాట రాగానే ఆయన మొదట చెప్పింది ఆ రోజు నించీ గొంతులో ఇరుక్కున్న ఆ ఒక్క ముక్కే.

"నన్ను క్షమించండి," అంది.

"పర్వాలేదండీ," అన్నాడాయన, దారిలో కాలు తొక్కినవాళ్లతో అన్నట్టు.

రెండో మందు మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. మిగిలిన పదకొండు మందికీ ఇంకా మొదలుపెట్టని కూడిక ఆపెయ్యాలని కస్తూరికి నివేదిక రాసింది. ఆ నెలంతటిలో ఆమెకి రూఢిగా తెలిసిన సంగతి అదొక్కటే.

అదీ ఎన్నాళ్లో నిలవలేదు. నివేదిక వెళ్లిన వారానికి గాజువాక నించి ఈశ్వరి అనే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె తల్లి సన్యాసమ్మ ముప్ఫయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. రెండేళ్ల కిందట మాట పోయింది. పదకొండు మందిలో ఆమె పేరుంది.

"మందు ఎందుకు ఆపేసేరు మేడమ్?" అంది ఈశ్వరి. "మీవారికి మాటొచ్చిందంట కదా?"

వకుళ దాచకుండా అంతా చెప్పింది. ఈశ్వరి వింది. విని, చెంగుతో మొహం తుడుచుకుంది.

"మా అమ్మకి నా మీద పేమ పోతే ఏటండీ? నాకు మా అమ్మ మీద ఉంటాది కదా. కడుపులో ఎక్కడ నొప్పో సెప్పుకోలేక గోడకేసి తల కొట్టుకుంటంది. ఆ నొప్పి పలానా చోట అని సెప్తే చాలు. నన్ను ఎవరవే నువ్వు అన్నా పడతాను. మీకు పోయింది కాబట్టి మాకూ వద్దంటే ఎలాగండీ?"

ఈమె చెప్పింది తప్పా? తను చెప్పింది తప్పా? రెండూ నిజమేలా ఉన్నాయి. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో వకుళకి బోధపడలేదు.

తొట్టె దగ్గర్నించి జోగారావు అడిగాడు: "మీ అమ్మగారిని అడిగారా?"

"ఆవిడికి మాట్రాదు కదా బాబూ."

"నాకూ రాలేదమ్మా. నన్ను అడిగారు గానీ నా జవాబు వినలేదు." వకుళని దెప్పినట్టు లేదు. జరిగింది చెప్పాడు. "వినే ఏర్పాటొకటి చెయ్యాలి. ఊరికే చెయ్యి నొక్కడం, తలూపడం పనికిరావు. ఒకటికి నాలుగుసార్లు, తిప్పి తిప్పి అడగాలి."

ఆయనే వర్క్‌షాపులో ఒక చెక్కపెట్టె చేయించాడు. దానికి రెండు పెద్ద మీటలు. పచ్చదీపం ఔను, ఎర్రదీపం కాదు. మూడు రోజులు వరసగా వకుళా ఆయనా గాజువాక వెళ్లారు. మొదటిరోజు తెలిసిన ప్రశ్నలే. పొట్టి మాటల్లో, ఆగి ఆగి ఆయనే అడిగాడు. ఈమె మీ అమ్మాయా? పచ్చ. మీరు బడిలో పంతులమ్మా? ఎరుపు. ఇప్పుడు వాన పడుతోందా? ఎరుపు, దానితోపాటు సన్యాసమ్మ మొహంలో ఈ పిచ్చాడెవడన్న నవ్వు. అన్నీ సరిపోయాయి. ఆమెకి అర్థమవుతోంది.

రెండోరోజు జోగారావు ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. "నాకూ మాట పోయింది. మందు వేశారు. మాటొచ్చింది." ఆగాడు. "ఈమె నా భార్య. ఈమె మీద ప్రేమ పోయింది. ఇంకొకరి మీదికి వెళ్లింది. మీకూ అలా కావచ్చు, కాకపోవచ్చు."

సన్యాసమ్మ వకుళకేసి చాలాసేపు చూసింది. ఆ చూపుకి తట్టుకోలేక వకుళ కిటికీ వైపు తిరిగింది. ఆ రోజు జవాబు అడగలేదు.

మూడోరోజు అడిగారు. మందు కావాలా? ఎరుపు. గంట తర్వాత తిరగేసి, మందు వద్దా? పచ్చ. నొప్పి చెప్పుకోవాలని ఉందా? పచ్చ. దానికి మందు వేయించుకుంటారా? ఎరుపు. ఈశ్వరి ఉండబట్టలేక తల్లి భుజాలు పట్టుకుంది.

"నాకోసం వద్దంటన్నావా? నాకోసమైతే అక్కర్లేదమ్మా! నీకేటి కావాలో అది సెప్పు!"

సన్యాసమ్మ కూతురి చుబుకం కింద చెయ్యి పెట్టి, పైకెత్తి, మొహమంతా ఒకసారి చూసుకుంది. ఇది నాకే కావాలి అన్నట్టుంది ఆ చూడ్డం. ఆ చెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో ఎర్రమీట నొక్కి పట్టుకుంది. దీపం ఆరలేదు. ఈశ్వరి ఏడుస్తూ ఆ మంచం మీదే తల్లి పక్కన పడుకుండిపోయింది. నొప్పి చోటు చెప్పడానికి ఆ పెట్టెకే ఇంకొన్ని మీటలు పెట్టిస్తానని జోగారావు మాటిచ్చాడు.

తర్వాత అన్ని ఇళ్లకీ ఆ పెట్టె వెళ్లింది. మిగిలిన పదిమందిలో నలుగురు పచ్చ నొక్కారు, అయిదుగురు ఎరుపు. ఒకాయన రెండూ కలిపి నొక్కాడు, ఎన్నిసార్లడిగినా. వకుళ తన నివేదికలో ఆపెయ్యాలన్న మాట కొట్టేసి, అడగాలి అని రాసింది. అదైనా సరైనదో కాదో ఆమెకి తెలియదు.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ మూడోరోజు మధ్యాహ్నం గాజువాక నించి తిరిగొచ్చే బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూచున్నారు. ఇద్దరి మధ్యా చెక్కపెట్టె ఉంది. జోగారావు ఏదో తెమలనట్టు మాటిమాటికీ దాన్ని సర్దుతున్నాడు.

"ఆవిడెందుకు వద్దందో మాటల్లో అర్థమైందండీ. లోపల తెలియడం లేదు," అన్నాడు చివరికి. "నేనైతే మాటే కావాలనేవాణ్ణి."

"ఇప్పటి మీరా? అప్పటి మీరా?"

"అదే తెలీడం లేదు. అప్పటాయన ఏమనేవాడో మీరు చెప్పగలరా?"

చెప్పగలనని ఆర్నెల్ల కిందటైతే టక్కున అనేది వకుళ. "చెప్పలేను," అంది.

బస్సు షీలానగర్ దగ్గర ఆగి కదిలింది. ఆయన మళ్లీ అన్నాడు. "మీకేమైనా సాయం చెయ్యాలనుంటుందండీ నాకు. మీరు కష్టపడుతున్నారని తెలుసు. మనిద్దరిదీ జరిగిందంతా తలుచుకుని చూస్తాను. పాలిటెక్నిక్‌కి మీరు ఒక్కరే నన్ను చూడ్డానికి వచ్చారు, పెళ్లికి ముందు. నీలంచీర. మీకు లేత్ మెషీను చూపించాను. ఇనపరజను మీ చెప్పుల్లో పడింది. అన్నీ ఉన్నాయి. ఏమీ అనిపించదు."

వకుళ ఆయనకేసి చూసింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అయితే అదంతా లేత్ మెషీనుకి అటువైపు నిలబడ్డ మనిషికి కనపడింది. ఇటువైపు నిలబడ్డ మనిషి ఏమనుకుందో ఈ తలలోనే కాదు, పాత తలలోనూ ఎప్పుడూ లేదు. ఆమె ఏనాడూ చెప్పలేదు.

"మీకు తెలిసింది మీ వైపు సంగతి," అంది. "ఆ రోజు నేను మీరంటే ఇష్టం లేదని మొహమ్మీదే చెప్పేసి పోదామని వచ్చాను."

జోగారావు సర్దుతున్న చేతులు ఆగిపోయాయి.

"అదేమిటి? నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఎలా చెబుతాను?"

"మా వాళ్లకి మాట కూడా ఇచ్చేశారు కదా అప్పటికి?"

"మా నాన్న ఇచ్చాడు. నేనివ్వలేదు. హాస్టల్లో చీటీ కూడా రాసుకొచ్చాను, తడబడకుండా చదివేద్దామని. చేతిసంచిలోనే ఉంది."

ఆయన చెక్కపెట్టె తీసి కాళ్ల దగ్గర పెట్టాడు. సీట్లో మనిషంతా ఆమె వైపు తిరిగి కూచున్నాడు. మాట వచ్చిన తర్వాత ఇన్నాళ్లలో ఆమె మొహంకేసి మర్యాదకి కాకుండా, ఏం చెబుతుందోనని అలా చూడ్డం ఇదే మొదలు.

"మరెందుకు చదవలేదండీ?"

"చెబుతాను," అంది వకుళ. కండక్టరు విజిలేశాడు. "ముందసలు మీ వర్క్‌షాపు గుమ్మంలో నేను ముప్పావుగంట నిలబడ్డాను. అది మీకు తెలీదు. లోపల మీరు ఎవరినో చెడామడా తిడుతున్నారు..."